లోడు ఎంతో ఎవరు చెప్పాలి?



ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో సివిల్, మెకానికల్ పిల్లలంతా చేసే లెక్క ఒకటుంది. 4 మీటర్ల దూలం, రెండు చివర్లా ఆధారాలు, సరిగ్గా నడిమధ్యన 10 కిలోన్యూటన్ల బరువు. దూలంలో పుట్టే గరిష్ఠ బెండింగ్ మూమెంట్ ఎంత? బరువును పొడవుతో గుణించి నాలుగుతో భాగిస్తే చాలు, 10 కిలోన్యూటన్ మీటర్లు. సూత్రం వచ్చినవాళ్లకు అర నిమిషం పని.

అదే క్లాసులో ఇంకో ప్రశ్న వేసి చూడండి. మీ ఊరి కాలవ మీద జనం నడిచిపోవడానికి చిన్న వంతెన కట్టాలి, ఎంత బరువుకు డిజైన్ చేస్తారు అని. సూత్రాలన్నీ నోటికి వచ్చిన పిల్లలు కూడా ఆగిపోతారు. కాసేపటికి ఎవరో ఒకరు లేచి, "లోడు ఇవ్వలేదు సార్" అంటారు. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాళ్లందరికీ పరిచయమైన మాటే అది.

లోడు ఎవరివ్వాలి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఆరో నంబరు కోడ్‌లో ఒక అంకె ఉంది. వంతెన మీద కాలిబాటకు చదరపు మీటరుకు 400 కిలోల బరువు లెక్కవేసుకోమంటుంది. అక్కడితో ఆగదు. దగ్గర్లో పుణ్యక్షేత్రం ఉన్నా, పెద్ద జాతర జరిగే చోటైనా ఆ 400ను 500 చేయమంటుంది. రాజమండ్రి పుష్కరాల రేవుకు పోయే దారినీ, మేడారం జాతర దారినీ తలుచుకుంటే ఆ తేడా ఎందుకో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ 500 ఏ సమీకరణం లోంచీ ఊడిపడింది కాదు. జనం ఎక్కడ ఎలా గుమిగూడతారో ఎరిగిన ఇంజనీర్లు కూర్చుని, ఇంతైతే క్షేమం అని తేల్చుకున్న అంకె. అనుభవం మారితే అదీ మారుతుంది.

మారిన సందర్భాలు ఉన్నాయి. 2000 జూన్ 10న లండన్‌లో థేమ్స్ నది మీద మిలీనియం బ్రిడ్జి తెరిచారు. డిజైన్ చేసింది అరప్ సంస్థ, ప్రపంచంలో పేరున్న ఇంజనీర్లు. జనం ఎక్కగానే వంతెన పక్కలకు ఊగింది. ఊగే నేల మీద నిలదొక్కుకోవడానికి జనం తెలియకుండానే ఆ ఊపుకు తగ్గట్టు అడుగులు వేశారు, దాంతో ఊపు ఇంకా పెరిగింది. రెండు రోజులకే మూసేశారు. నడిచే గుంపు పక్కలకు ఇచ్చే తోపుడు గురించి అప్పటి కోడ్‌లలో తగినంత లేదు. మనుషుల్ని నడిపించి కొలతలు తీసి, ఊపును మింగే డ్యాంపర్లు బిగించి, 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. నడక వంతెనల గురించి ఇంజనీర్లకు తెలిసిన సంగతుల్లో కొంత ఆ రోజు ఊగిన జనం వల్ల తెలిసిందే.

అంటే ఇంజనీరింగ్ అనే విద్యలో ఇప్పటికే తేలిపోయిన భాగం ఒకటి ఉంది, ఇంకా తేలుతున్న భాగం ఒకటి ఉంది. మొదటి భాగమే మొత్తం చదువు అనుకుని కాలేజీలో అడుగుపెట్టిన కుర్రవాడు, రెండో భాగం ఉందని ఎప్పుడు తెలుసుకుంటాడు? ఎవరి వల్ల తెలుసుకుంటాడు? రెండు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే చదువులు ఈ విషయంలో ఏం చేయగలవు, ఏం చేయలేవు? ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఇదే.

జ్ఞానం అంటే విద్యార్థి ఏమనుకుంటాడు అన్నది ఊహించి చెప్పే సంగతి కాదు, దాన్ని కూర్చుని పరిశీలించినవాళ్లున్నారు. అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులకు చదువు విషయంలో సలహాలిచ్చే విభాగంలో విలియం పెర్రీ పనిచేసేవారు. 1950లలో, 60లలో ఆయనా ఆయన సహచరులూ ప్రతి ఏటా విద్యార్థులను కూర్చోబెట్టి, ఈ సంవత్సరం మీ మనసులో నిలిచిందేమిటని అడిగి, చెప్పింది రికార్డు చేశారు. 1970లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. ఆయన గుర్తించిన క్రమంలో 9 మెట్లున్నాయి. మొదట్లో విద్యార్థికి ప్రతి ప్రశ్నకూ ఒకటే సరైన జవాబు, అది మాస్టారికి తెలుసు, తన పని దాన్ని పట్టుకోవడం. కొన్నాళ్లకు మాస్టార్లు కూడా ఒకరితో ఒకరు ఏకీభవించరని కనిపిస్తుంది. అప్పుడు ఎవరి అభిప్రాయం వాళ్లది, ఏదైనా ఒకటే అనే దశ వస్తుంది. ఆ తర్వాత అన్నీ ఒకటి కావనీ, ఏ సందర్భంలో ఏ ఆధారం బలమైనదో తూచవచ్చనీ తెలుస్తుంది. చివరి మెట్ల మీద, పూర్తి నిశ్చయం లేకపోయినా ఒక నిర్ణయం తీసుకుని, దానికి తానే పూచీ పడటం నేర్చుకుంటాడు. ఆలోచిస్తే ఇంజనీరు బతుకంతా ఆ చివరి మెట్ల మీదే. గోదావరికి ఎంత వరద వస్తుందో ఖాయంగా ఎవరూ చెప్పలేరు, కానీ గేట్లు ఎన్ని పెట్టాలో ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

పెర్రీ మెట్లతో ఇంజనీరింగ్ విద్యార్థులను కొలిచిన చోట్లలో ఒకటి కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్. అక్కడ ప్రాజెక్టులు చేయిస్తూ నేర్పే పద్ధతిని శ్రద్ధగా పెట్టారు. 1990లలో కొలిచి చూస్తే, మొదటి ఏడాదికీ చివరి ఏడాదికీ మధ్య విద్యార్థులు ఎక్కింది సగటున ఇంచుమించు ఒక్క మెట్టు. అంత శ్రద్ధ పెట్టిన చోటే నాలుగేళ్లకు ఒక్క మెట్టు. ఈ సంగతి తెలిశాక, కళ్లు తెరిపిస్తాం, దృక్పథం మారుస్తాం అని రంగుల కరపత్రాల్లో రాసుకునే ప్రతి కోర్సునూ నేను కాస్త నిదానంగా చదువుతున్నాను.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. పెర్రీ మాట్లాడింది ఎక్కువగా హార్వర్డ్ మగపిల్లలతో. వాళ్ల మాటల్లోంచి కట్టిన మెట్ల మీద ఒక వరంగల్ అమ్మాయినో, షాంఘై అబ్బాయినో నిలబెట్టి ఎత్తు కొలవడం ఎంతవరకు సబబు? క్లాసులో నోరు మెదపని పిల్ల మొదటి మెట్టు మీదే ఉందని అమెరికన్ మాస్టారు అనుకోవచ్చు. మన దగ్గర పెద్దల ముందు ఊరుకోవడం మర్యాద, లోపల ఆమె ఆ పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి చూస్తుండవచ్చు. రెండు దేశాలు కలిసి పాఠం చెప్పే చోట ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇది.

మన పిల్లలు ఏ ఆలోచనతో కాలేజీకి వస్తారో చూడండి. ఇంటర్‌లో ఎంపీసీ, పక్కనే ఎంసెట్ కోచింగు. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ముందే రాసి ఉంటాయి, అందులో ఒకటి ఖాయంగా సరైనది. పరీక్ష అయిన కొద్ది రోజులకు కీ విడుదల చేస్తారు. లక్షల మంది పిల్లల్ని తక్కువ సమయంలో, పక్షపాతం లేకుండా వరుసలో నిలబెట్టాలంటే ఇంతకన్నా మంచి దారి దొరకడం కష్టం. ఆ పరీక్షను నేను తిట్టను. ఆ కష్టంలోంచి వచ్చిన పిల్లలకు లెక్క చేసే వేగం, ఓపిక, పట్టుదల ఉంటాయి, అవి ఊరికే రావు. కానీ రెండేళ్ల పాటు రోజూ పొద్దున్నించి రాత్రి దాకా చేసిన పని మనసులో ఒక నమ్మకాన్ని నాటుతుంది. ప్రశ్న అన్నాక జవాబు ఎక్కడో సీల్డు కవర్లో ఉంటుందని. ఇంజనీరింగ్‌లో చేరాక మిడ్ పరీక్షలు, ఇంపార్టెంట్ ప్రశ్నలు, సీనియర్ల రికార్డు చూసి రాసే ల్యాబ్ రికార్డులు ఆ నమ్మకాన్ని నాలుగేళ్లూ కాపాడతాయి. ప్రయోగంలో రీడింగు సరిగా రాకపోతే పుస్తకంలో ఉన్న విలువ వచ్చేలా దిద్దుకునే పిల్లలు మనకు కొత్త కాదు. వాళ్లు మోసం చేస్తున్నామనుకోరు, సరైన జవాబు రాస్తున్నామనే అనుకుంటారు. నన్ను బాధపెట్టేది అదే.

ఇప్పుడు కలిసి నడిపే చదువుల సంగతికి వద్దాం. యూజీసీ 2022లో వీటికి నిబంధనలు తెచ్చింది. మూడు రకాలు చెప్పింది: ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీ. ట్విన్నింగ్‌లో విదేశంలో సంపాదించే క్రెడిట్లు మొత్తంలో 30 శాతం మించకూడదు. జాయింట్ డిగ్రీలో రెండు వైపులా కనీసం 30 శాతం చొప్పున ఉండాలి. ఇవి అవసరమైన నిబంధనలే, లేకపోతే పిల్లలు మోసపోతారు. అయితే క్రెడిట్లను లెక్కపెట్టవచ్చు గానీ, ఆలోచన ఏ వైపు తిరిగిందో ఏ నిబంధనా లెక్కపెట్టలేదు. దానికి చరిత్ర చూడాలి. మన దేశంలోనే అద్భుతమైన ఉదాహరణ ఉంది.

1950ల చివర, 60ల మొదట్లో ఐఐటీలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఖరగ్‌పూర్ 1951లోనే మొదలైంది. తర్వాతివాటికి తలా ఒక దేశం అండ దొరికింది. బొంబాయికి యునెస్కో ద్వారా సోవియట్ యూనియన్, మద్రాసుకు పశ్చిమ జర్మనీ, కాన్పూరుకు అమెరికా, ఢిల్లీకి బ్రిటన్. లోపలికి వచ్చే పిల్లలు ఒకే తరహా ప్రవేశ పరీక్ష రాసినవాళ్లే, ఒకే దేశపు మధ్యతరగతి ఇళ్ల పిల్లలే. వాళ్ల ముందు పెట్టిన ఇంజనీరింగ్ మాత్రం చోటుకో రకం. మద్రాసులో జర్మన్ ఆచార్యులు వర్క్‌షాపుకు, ల్యాబ్‌కు పెద్దపీట వేశారు. ఆకురాయి పట్టి ఇనుపముక్కను చదును చేయలేనివాడికి యంత్రం అర్థం కాదని వాళ్ల సంప్రదాయం. కాన్పూరులో అమెరికన్లు తెచ్చింది ఇంకో సంప్రదాయం. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ వంటి పనుల్లో భౌతికశాస్త్రవేత్తలు ముందుండి, చేతిపుస్తకాల ఇంజనీర్లు వెనకబడటం చూసి, అమెరికాలో ఇంజనీరింగ్ చదువునే తిరగరాసుకున్నారు. 1955లో వచ్చిన గ్రింటర్ నివేదిక ఆ మార్పుకు గుర్తు. గణితం, భౌతికశాస్త్రం పునాదిగా, యంత్రాలను విడివిడిగా కాకుండా వాటి వెనక ఉన్న సూత్రాలను నేర్పాలన్నది వాళ్ల పట్టు. కాన్పూరుకు వచ్చింది ఆ వేడి చల్లారని ఆలోచనే.

ఐఐటీ కాన్పూరు 1959లో హార్‌కోర్ట్ బట్లర్ టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల క్యాంటీన్ భవనంలో ఒక గదితో మొదలైంది. తొలి డైరెక్టరు పి.కె. కేల్కర్. 1962లో 9 అమెరికన్ సంస్థలు కలిసి దానికి తోడు నిలిచాయి. ఎంఐటీ, కాల్‌టెక్, ప్రిన్స్‌టన్, బర్క్‌లీ, మిషిగన్, పర్డ్యూ, ఒహాయో స్టేట్, కార్నెగీ, కేస్. పదేళ్ల ఒప్పందం, 1972 దాకా సాగింది. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది, విద్యార్థులను విమానం ఎక్కించడం కాదు, ఆచార్యులు ఇక్కడికి రావడం. ఆ పదేళ్లలో వందమందికి పైగా అమెరికన్ అధ్యాపకులు, నిపుణులు కాన్పూరు వచ్చి పనిచేశారు. పక్క గదుల్లో భారతీయ అధ్యాపకులు, వాళ్లలో చాలామంది విదేశాల్లో పీహెచ్‌డీ చేసి తిరిగి వచ్చిన యువకులు. సిలబస్ గురించి వాదనలు ఆ వరండాల్లోనే జరిగాయి.

మార్పు మొదట పరీక్షలో వచ్చింది. అప్పటికి దేశంలో చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏడాది చివర ఒకే పరీక్ష, పేపరు ఎక్కడో బయటి ఎగ్జామినరు ఇస్తాడు, దిద్దేది ఇంకెవరో. పాఠం చెప్పే మాస్టారికీ కుర్రవాడికీ ఇద్దరికీ అధికారి పైనున్నాడు, కనపడడు. మాస్టారు కూడా కుర్రవాడి లాగే ఊహించాలి, ఈసారి ఏం వస్తుందో. కాన్పూరులో సెమిస్టర్లు పెట్టారు. పాఠం చెప్పినవాళ్లే పేపరు ఇస్తారు, వాళ్లే దిద్దుతారు, అక్షరాల గ్రేడు ఇస్తారు. ఇవాళ మనకు ఇది మామూలుగా వినిపిస్తుంది. అప్పట్లో దాని అర్థం, ఈ జవాబు ఎందుకు సరైంది అని మాస్టారిని ఎదురుగా అడగవచ్చు, ఆయన చెప్పి తీరాలి. కనపడని అధికారి పోయి, కారణం చెప్పవలసిన మనిషి వచ్చాడు. ఒక విద్యార్థి జ్ఞానం గురించి ఆలోచించే తీరును మార్చేది ఇలాంటివే అని నా నమ్మకం. ఉపన్యాసాలు కావు, పేపరు ఎవరిస్తారు, మార్కు దేనికి వేస్తారు అన్న ఏర్పాట్లు.

రెండోది, అన్ని బ్రాంచిల పిల్లలకూ కలిపి పెట్టిన కోర్ పాఠాలు. సివిల్ అయినా ఎలక్ట్రికల్ అయినా మొదటి సంవత్సరాల్లో అందరూ అదే గణితం, అదే భౌతికం, అదే రసాయనం, వాటితోపాటు మానవ, సామాజిక శాస్త్రాలు చదవాలి. ఇంజనీరింగ్ కుర్రవాడు ఆర్థికశాస్త్రం క్లాసులో కూర్చుంటే అతనికి ఒక సంగతి ఎదురవుతుంది. అక్కడ కూడా ఆధారాలున్నాయి, వాదనలున్నాయి, కానీ ఇద్దరు పెద్ద పండితులు ఒకే దేశపు లెక్కలు చూసి రెండు తీర్పులు చెబుతారు. దూలం లెక్కలో ఎదురుకాని అనుభవం అది. అక్కడి నుంచి తిరిగి తన సొంత సబ్జెక్టుకు వచ్చినప్పుడు, ఇక్కడా ఇలాంటి చోట్లు ఉన్నాయేమోనని వెతుకుతాడు.

మూడోది కంప్యూటర్. 1963లో ఐబీఎం 1620 కాన్పూరు చేరింది. విద్యార్థుల చేతికి కంప్యూటర్‌ను అందనిచ్చిన తొలి భారతీయ విద్యాసంస్థల్లో అదొకటి. తర్వాతి తరాలకు కంప్యూటర్ పుస్తకాలతో గురువైన వి. రాజారామన్ అక్కడే పాఠాలు చెప్పారు. ఫోర్‌ట్రాన్ భాషలో ప్రోగ్రాం రాసి, కార్డులు పంచ్ చేసి, యంత్రానికి ఇవ్వడం. ఒక కామా తప్పితే యంత్రం తప్పు చూపిస్తుంది. దిద్ది మళ్లీ ఇవ్వాలి. మళ్లీ తప్పు. ఇందులో తిట్టేవాడు లేడు, ర్యాంకు పోయేది లేదు. అప్పటిదాకా తప్పు అంటే సిగ్గు. ఈ గదిలో మాత్రం తప్పే దారి చూపేది. ముందు పదిసార్లు తప్పు చేయకుండా, పనిచేసే ప్రోగ్రాం ఎవరూ రాయలేదు, మాస్టారు కూడా రాయలేదు, అది పిల్లలకు కనపడింది. కంప్యూటర్ వల్ల దేశానికి కలిగిన లాభాల్లో దీన్ని ఎవరూ లెక్కలో వేయరు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. కాన్పూరు నుంచి, మిగతా ఐఐటీల నుంచి వచ్చిన ఎందరో అమెరికా వెళ్లిపోయారు. దేశ ధనంతో చదివి వెళ్లిపోయారన్న కోపం పాతదే. నా బాధ ఇంకో వైపు నుంచి. ఏ ప్రశ్న గొప్పది, ఏ ప్రశ్న చిన్నది అన్న తూకం కూడా ఆ తొమ్మిది సంస్థల నుంచే వచ్చింది. వాళ్ల ల్యాబుల్లో దేనికి విలువ ఉందో దానికే ఇక్కడా విలువ. పాత అధికారి పోయి కారణం చెప్పే మాస్టారు వచ్చాడని ఇందాక అన్నాను. కానీ కొందరు పిల్లల మనసులో పాత అధికారి స్థానంలో కొత్త అధికారి కూర్చున్నాడు, కాస్త దూరదేశంలో. అమెరికన్ పుస్తకంలో ఉంటే సరైంది, జర్నల్‌లో వస్తే సరైంది. పెర్రీ మెట్లలో ఇది పైకి ఎక్కడం కాదు, అదే మెట్టు మీద ముఖం తిప్పి నిలబడటం.

ఆ రోజుల్లోనే, ఆ గదుల బయట జరిగిన పనిని పక్కన పెట్టి చూడండి. బోరుబావుల మీద పెట్టిన చేతిపంపులు కొద్ది నెలలకే పాడయ్యేవి. మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్ మిషన్ల వర్క్‌షాపుల్లో మెకానిక్‌లు పల్లెల్లో విరిగిన పంపులను విప్పి చూసి, ఎక్కడ అరుగుతోందో గమనించి, గట్టి పంపు ఒకటి తయారు చేశారు. యునిసెఫ్, భారత ప్రభుత్వం, కొన్ని కంపెనీలు దాన్ని తీసుకుని, పరీక్షించి, మెరుగుపరచి 1970లలో ఇండియా మార్క్ టూ పంపుగా తెచ్చాయి. మన ఊళ్లలో పాఠశాల పక్కన, రామాలయం ముందు కనిపించే బోరింగు పంపు అదే. ఆఫ్రికా దేశాలకూ వెళ్లింది. అంతర్జాతీయ సహకారం అంటే అదీ ఒకటే. అందులో ప్రశ్న పుట్టింది నీళ్లు తోడే చోట. కలిసి నడిపే చదువులన్నిటిలో ఈ పంపు కథను ఒక పాఠంగా పెట్టాలని నా కోరిక.

మన రాష్ట్రాలకు వద్దాం. హైదరాబాద్ బహదూర్‌పల్లిలో 2014లో మహీంద్రా ఎకోల్ సెంట్రల్ మొదలైంది, ఎకోల్ సెంట్రల్ పారిస్‌తో కలిసి. 2020 నుంచి అది మహీంద్రా విశ్వవిద్యాలయం. ఫ్రాన్స్‌లో ఎకోల్ సెంట్రల్ 1829 నాటిది, ఈఫిల్ టవర్ కట్టిన గుస్తావ్ ఈఫిల్ చదివింది అక్కడే. ఆ దేశంలో ఇలాంటి పేరున్న ఇంజనీరింగ్ స్కూళ్లలోకి వెళ్లేవాళ్లు ఎక్కువగా ముందు రెండేళ్లు గణితం, భౌతికం కఠినంగా చదువుతారు. పోటీ పరీక్షలు, ర్యాంకులు, నిద్ర లేని రాత్రులు అన్నీ ఉంటాయి, మన ఇంటర్ పిల్లలకు ఆ బతుకు కొత్తేమీ కాదు. ఒక తేడా మాత్రం ఉంది. వాళ్లు వారం వారం ముగ్గురు ముగ్గురుగా నల్లబల్ల ముందు నిలబడి, ఎగ్జామినరు చూస్తుండగా లెక్క చేయాలి. చివరి జవాబు వచ్చిందా లేదా అన్నది అక్కడ సగమే. ఈ అడుగు ఎందుకు వేశావు, ఈ షరతు లేకపోతే ఏమవుతుంది అని అడుగడుగునా ఆపుతారు. మన కోచింగు, వాళ్ల ప్రిపరేషన్ రెండూ కష్టాలే. కానీ నోటితో కారణం చెప్పించే కష్టం వేరు, బబుల్ నింపే కష్టం వేరు.

హైదరాబాద్ జేఎన్‌టీయూకు స్వీడన్‌లోని బ్లెకింగె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీతో డబుల్ డిగ్రీ ఏర్పాటు ఉండటం వల్ల తెలుగు పిల్లలు చాలామంది కార్ల్స్‌క్రోనా అనే చిన్న సముద్రతీరపు ఊరు చూశారు. అక్కడ మొదటి రోజు వాళ్లకు కష్టమయ్యేది చలి కాదు. ప్రొఫెసరును పేరు పెట్టి పిలవాలి. సార్ అన్న మాట నోట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. దానికన్నా గట్టి పరీక్ష థీసిస్ దగ్గర వస్తుంది. స్వీడన్ విశ్వవిద్యాలయాల్లో ఒక విద్యార్థి థీసిస్‌ను అందరి ముందూ ప్రశ్నించే బాధ్యత ఇంకో విద్యార్థికి అప్పగిస్తారు. అతను దాన్ని మొత్తం చదవాలి, బలం ఎక్కడుందో బలహీనత ఎక్కడుందో చెప్పాలి, సభలో నిలబడి అడగాలి. ఆ పని సరిగా చేయడం తన చదువులో భాగం. మన పిల్లవాడికి స్నేహితుడి థీసిస్‌లో తప్పు ఎత్తిచూపడం ద్రోహంలా అనిపిస్తుంది. పరువు తీసినట్టవుతుందేమోనని భయం. మెల్లగా తెలుస్తుంది, అడిగింది మనిషిని కాదు, అతని ఆధారాన్ని అని. అవతలి కుర్రవాడు కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తన పనిని గట్టిచేసుకుంటాడు. ఇది విదేశీ అలవాటేమీ కాదు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతం చెప్పేవారు కాదు, ఎదుటివాడి వాదాన్ని అతని కన్నా గట్టిగా చెప్పి తర్వాతే ఖండించేవారు. ఆ మర్యాదను మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కడ పోగొట్టుకున్నామో, స్వీడన్ వెళ్లి తెచ్చుకోవలసి వస్తోంది.

సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌కు జపాన్ తోడు. 2008లో సంస్థ మొదలైన దగ్గర నుంచి ప్రాంగణం నిర్మాణంలో, పరిశోధనలో జపాన్ చేయి ఉంది. భూకంపాల వంటి విపత్తుల సమాచారం మీద రెండు దేశాలవాళ్లూ కలిసి పనిచేశారు. ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్‌తో కలిసి పీహెచ్‌డీ నడుస్తోంది. ఒక పరిశోధక విద్యార్థికి రెండు దేశాల్లో ఇద్దరు గైడ్‌లు ఉంటే ఏమవుతుందో ఊహించండి. ఒకరు ఈ గ్రాఫు చాలు అంటారు, ఇంకొకరు ఇంకో పది ప్రయోగాలు కావాలంటారు. ఒకరికి గణిత నిరూపణ ముఖ్యం, ఇంకొకరికి నమూనా పనిచేసి చూపించడం ముఖ్యం. ఇద్దరూ పండితులే, ఇద్దరూ తన మేలు కోరేవాళ్లే. మొదటి ఏడాది ఆ విద్యార్థి ఇద్దరి మధ్యా నలిగిపోతుంది, ఎవరు కరెక్టు అని. ఏదో ఒక రోజు ఆమే కూర్చుని, ఈ పనికి ఎంత రుజువు చాలో నేను తేల్చాలి అనుకుంటుంది. కలిసి నడిపే చదువుల్లో నిజమైన బలం నాకు అక్కడ కనిపిస్తుంది. విదేశీ గురువు గొప్పవాడు కావడంలో లేదది, ఇద్దరు గొప్పవాళ్లు ఏకీభవించకపోవడంలో ఉంది. ఆ భేదాన్ని పిల్లల కంటపడకుండా దాచి, రెండు సిలబస్‌లను కుట్టేసి ఒకటిగా ఇచ్చే కోర్సులు ఆ బలాన్ని చేజేతులా పారేసుకుంటాయి.

షాంఘై సంగతి కూడా చెప్పాలి. షాంఘై జియావో తోంగ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం కలిసి 2006లో జాయింట్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాయి. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో, మిషిగన్ తరహా ప్రాజెక్టులు, చివరి ఏడాది కంపెనీలు ఇచ్చే సమస్యల మీద డిజైన్ పని. మిషిగన్ ఇంజనీరింగ్ కాలేజీలో 1916 నుంచి ఆనర్ కోడ్ ఉంది. పరీక్ష గదిలో కాపలా ఉండరు, ఇది నా సొంత పని అని విద్యార్థి సంతకం పెడతాడు. షాంఘై సంస్థ కూడా తన ఆనర్ కోడ్ పెట్టుకుంది. చైనాలో గావ్‌కావ్ అనే ప్రవేశ పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు, మన ఈఏపీసెట్ పిల్లల లాగే, నిజాయితీ అంటే ఇన్విజిలేటరు చూసుకునే విషయం. దాన్ని వాళ్ల చేతిలో పెట్టారు. 2025 జనవరిలో మిషిగన్ ఆ భాగస్వామ్యాన్ని ముగిస్తున్నట్టు ప్రకటించింది. రెండు దేశాల మధ్య అనుమానాలు, అమెరికా చట్టసభలో వచ్చిన భద్రతా ప్రశ్నలు దానికి దారితీశాయి. దాదాపు ఇరవై ఏళ్ల పని ఒక ప్రకటనతో ఆగింది. కాన్పూరు ఒప్పందం పదేళ్లకు ముగిసినా అక్కడి పరీక్షల తీరు, కోర్ పాఠాలు నిలిచాయి, ఎందుకంటే వాటిని ఇక్కడివాళ్లు తమవి చేసుకున్నారు. ఒప్పందాలు ఢిల్లీ, వాషింగ్టన్, బీజింగ్ గాలి మీద ఆధారపడతాయి. స్థానికంగా పాఠం చెప్పేవాళ్లు మారకపోతే గాలి మారిన రోజున ఏమీ మిగలదు.

ఇప్పుడు ఈ మాటలు వింటున్న తల్లిదండ్రులకు, పిల్లలకు. వేసవిలో విదేశీ భాగస్వామ్యం పేరుతో కాలేజీలవాళ్లు ఇంటికి ఫోన్లు చేస్తారు. ఫీజు ఎంత, వీసా వస్తుందా, ప్లేస్‌మెంట్ ఎంత అని అడుగుతాం. అడగాలి. వాటితోపాటు ఇవి కూడా అడగండి. పేపరు ఎవరిస్తారు, పాఠం చెప్పినవాళ్లా, ఇంకెవరో? అక్కడి అధ్యాపకులు ఇక్కడ ఎన్ని నెలలు ఉండి పాఠం చెబుతారు, లేక ప్రారంభోత్సవానికి వచ్చి ఫొటో దిగి వెళతారా? చేసిన ప్రాజెక్టు పనిచేయకపోతే, ఎందుకు పనిచేయలేదో బాగా వివరించినవాళ్లకు మార్కులున్నాయా? అక్కడి పిల్లలు ఇక్కడికి చదువుకోవడానికి వస్తారా, లేక దారి ఒక వైపే ఉందా? దారి ఒక వైపే ఉంటే, జ్ఞానం ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుందో మీ పిల్లలకు మొదటి రోజే చెప్పేసినట్టు.

విదేశీ భాగస్వామి దొరకని కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లో వందల్లో ఉన్నాయి. వాళ్లు ఎదురుచూడనక్కర్లేదు. మన డిజైన్ పేపర్ల మీద ఎప్పటి నుంచో ఒక సూచన అచ్చవుతూ వస్తోంది, అవసరమైతే తగిన డేటా మీరే ఊహించుకోవచ్చు అని. అందరూ దాన్ని దాటేసి ప్రశ్నలోకి వెళతారు, ఎందుకంటే ఊహించుకున్న దానికి మార్కు లేదు. వచ్చే సెమిస్టర్ పేపర్లో ఒక్క డిజైన్ ప్రశ్నలో డేటా నిజంగానే తీసేసి, 15 మార్కుల్లో 6 మార్కులు ఆ ఊహకు చెప్పిన కారణానికి వేసి చూడండి. అదే ప్రశ్నకు రెండు కాలేజీల మాస్టార్లు విడివిడిగా తమ జవాబు రాసి, రెండూ తేడాగా ఉంటే రెండిటినీ నోటీసు బోర్డు మీద పక్కపక్కనే అంటించండి.